కొసరు బ్యాటరీ

ఇలోయిలో పట్టణంలో లా పాజ్ బజారు వెనక వీధిలో ఫెలిమోన్ దుకాణం తెలియనివాళ్లు తక్కువ. అతను అమ్మేవి ఈ-సిగరెట్లు, వాటిలో పోసే ద్రవాల సీసాలు, వాటికి వేసే బ్యాటరీలు. ఆ సరుకు మంచిది కాదని ముఖం మీదే చెప్పేవాళ్లు కూడా ఫెలిమోన్ మాత్రం మంచివాడని ఒప్పుకునేవారు. కొత్త సరుకు వచ్చిన రోజున అతను ఒక్కో బ్యాటరీని పెట్టెలోంచి తీసి, వంటింటి త్రాసులో పెట్టి తూచేవాడు. బరువు తగ్గితే అది నకిలీదని పక్కన పడేసేవాడు. ప్లాస్టిక్ డబ్బా లేకుండా ఒక్క బ్యాటరీని కూడా గుమ్మం దాటనిచ్చేవాడు కాదు.

ఆ శనివారం పొద్దున కూడా అదే గొడవ.

"డబ్బా ఉంది సుకీ, ఇంట్లో ఉంది," అన్నాడు ఆర్సెనియో.

"ఇంట్లో ఉన్న గొడుగు దారిలో వానకి పనికొస్తుందా? జేబు నిండా చిల్లర పోసుకు తిరిగే డ్రైవరువి. ఆ చిల్లర తగిలిందంటే బ్యాటరీ నిప్పైపోతుంది. ఇదుగో, ఇంకో డబ్బా పట్టుకెళ్లు."

ఆర్సెనియో పదిహేనేళ్లుగా హారో దారిలో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడుపుతున్నాడు. భార్య పోరు పడలేక సిగరెట్లు మాని ఈ-సిగరెట్టుకి దిగాడు. మీట మీద వేలు పెడితే బ్యాటరీలోని శక్తినంతా ఒక్కసారిగా లాగేసే మొరటు ఇత్తడి గొట్టం అతనిది. దాని సంగతి తెలిసిన ఫెలిమోన్, అంత లాగుడుకి తట్టుకునే గట్టి బ్యాటరీలు రెండు ఏరి చేతిలో పెట్టాడు.

"మరి కొసరేదీ?" అన్నాడు ఆర్సెనియో, చెయ్యి వెనక్కి తీసుకోకుండా.

ఆ ఊళ్లో వాడుకగా అమ్మేవాడూ సుకీయే, వాడుకగా కొనేవాడూ సుకీయే. ఒకరినొకరు అదే మాటతో పిలుచుకుంటారు. సుకీలయ్యాక గీచి గీచి బేరాలు ఉండవు, అనుమానాలు ఉండవు, కొసరు మాత్రం ఉండి తీరాలి. చేపలావిడ గుప్పెడు రొయ్యలు ఎక్కువ వేస్తుంది, కూరలావిడ రెండు మిరపకాయలు పడేస్తుంది. కొసరు వెయ్యని చెయ్యి ఆ బజారులో నాలుగు రోజులు నిలవదు.

ఫెలిమోన్ కింది సొరుగు లాగి ఊదారంగు బ్యాటరీ ఒకటి తీసి ఇచ్చాడు.

"ఇదేంటి, బిషప్పుగారి అంగీలా ఉంది!" అని నవ్వాడు ఆర్సెనియో. "నా గొట్టానికి సరిపోతుందా?"

"దాని మీదే రాసుంది కదా, ముప్పై అయిదు ఆంపియర్లని."

"రాసినదాంతో నాకేం పని? నువ్వు చెప్పు."

"సరిపోతుందిలే," అన్నాడు ఫెలిమోన్.

పాఠకులు ఈ మాట గుర్తు పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ అంకె రాసిన కంపెనీ ఏదీ లేదు. ఆ తొడుగు తొడిగింది ఫెలిమోనే.

పూర్వం అతను లాప్‌టాప్‌లు బాగుచేసేవాడు. ఆ పని మానేసినా, పాడైన లాప్‌టాప్ బ్యాటరీలు ఒక గోనెసంచి నిండా మిగిలాయి. ఒక్కోదాన్ని పగలగొడితే లోపల ఆరేసి ఆకుపచ్చ సెల్స్ ఉంటాయి. ఛార్జింగ్ పెడితే కొన్నిట్లో ప్రాణం వచ్చేది. పారెయ్యడానికి మనసొప్పలేదు. అచ్చేసిన ఊదారంగు తొడుగుల చుట్ట ఒకటి తెప్పించి, ఒక్కో సెల్‌కీ తొడిగి, భార్య జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడి గాలి కొట్టేవాడు. తొడుగు బిగుసుకుని సెల్ కొత్తదానిలా మెరిసేది. లాప్‌టాప్ కోసం చేసిన సెల్ శక్తిని నిదానంగా ఇస్తుందనీ, ఇత్తడి గొట్టం గుంజినట్టు గుంజితే లోపల కాగిపోతుందనీ అతనికి తెలియదా? తెలుసు. అందుకే వాటిని ఏనాడూ అమ్మలేదు. అమ్మడం లేదు కదా, ఊరికే ఇస్తున్నాను కదా అని సరిపెట్టుకున్నాడు. కొత్త సరుకుని తూచిన త్రాసు మీద ఆ ఊదారంగువి ఒక్కనాడూ పెట్టలేదు.

"ఊరికే ఇచ్చేదానికి ఈ రంగు తొడుగెందుకు? ఉన్నది ఉన్నట్టు ఇవ్వొచ్చుగా," అని భార్య ప్యూరిటా ఒకసారి అడిగింది.

"చూడ్డానికి బాగుండద్దూ!" అని నవ్వేశాడు. ఆవిడ మళ్లీ అడగలేదు. అతను కూడా తనను తాను అడుక్కోలేదు.

ఆరు వారాలు గడిచాయి. ఒక బుధవారం ఆర్సెనియో భార్య త్రూడిస్ దుకాణానికి వచ్చింది. ఒక చేతిలో బిస్కెట్ల రేకు డబ్బా, ఇంకో చేతిలో తాటాకుల్లో చుట్టి ఉడికించిన జిగురన్నం పొట్లం ఉన్నాయి. ఆవిడ కళ్లు వాచి ఉన్నాయి.

"నోంగ్ ఫెలిమోన్, మా ఆయన మిమ్మల్ని ఏమీ అనుకోవద్దని చెప్పమన్నాడు," అంది. ఆ ఊళ్లో నోంగ్ అంటే అన్న, నాంగ్ అంటే అక్క.

"నేను అనుకునేదేముంది నాంగ్? ఏమైంది?"

"నిన్న పొద్దున ఆ గొట్టం జేబులో పేలింది. తొడ కాలిపోయింది. పన్నెండు మంది ఎక్కి ఉన్నారట బండిలో. ముందు బండి పక్కకి తీసి ఆపాడు, ఆ తరవాతే జేబులో చెయ్యి పెట్టాడు. కుడిచెయ్యి నోంగ్... వేళ్లు ముడుచుకుపోతాయేమో అంటున్నారు డాక్టర్లు."

ఫెలిమోన్ ఆవిడకి కుర్చీ జరిపాడు. ఆవిడ కూర్చోకుండానే మళ్లీ అందుకుంది.

"తప్పు నాదేనంటున్నాడు. మీట నొక్కుకుపోకుండా తాళం వేసుకోమని సుకీ పదిసార్లు చెప్పాడు, నేనే మరిచిపోయుంటానంటున్నాడు. నేను తిట్టని తిట్టు లేదనుకోండి. మీ పేరు చెడుతుందేమోనని ఆయనకి బెంగ. సుకీ సరుకు మీద ఎవడన్నా నోరు పారేసుకుంటే పళ్లు రాలగొడతానంటున్నాడు, ఆ కట్టు చేత్తోనే." ఆవిడ రేకు డబ్బాని బల్ల మీద పెట్టింది. "ఇది ఎలా పారెయ్యాలో మీకే తెలుస్తుంది. ఈ అన్నం పొట్లం మీకు. పోయినసారి కొసరు ఇచ్చారని చెప్పాడు, నేనే ఏమీ పంపలేదు."

ఆవిడ వెళ్లాక ఫెలిమోన్ డబ్బా మూత తీశాడు. ఇత్తడి గొట్టం ఒక పక్క చీలిపోయి ఉంది. అడుగున తాళం వేసే బిళ్ల చివరిదాకా తిప్పి ఉంది. ఆర్సెనియో తాళం వేశాడు! చెప్పినదంతా చెప్పినట్టే చేశాడు. గొట్టంలో సగం మాడిన ఊదారంగు తొడుగు, దాని కింద ఆకుపచ్చ. ఆరు వారాలుగా లోలోపల కాగి కాగి చెడిపోయిన ఆ సెల్, ఎవరూ మీట నొక్కకుండానే రగిలింది. ఆ డబ్బాని చూసి ఈ సంగతి గ్రహించగలవాడు ఊరంతటికీ ఒక్కడే ఉన్నాడు. వాడు నోరు మూసుకుంటే ఎప్పటికీ ఎవరికీ తెలియదు.

ఫెలిమోన్ నోరు మూసుకున్నాడు. ఆ జిగురన్నం పొట్లం విప్పకుండానే పక్కన పెట్టేశాడు.

సిగ్గు ఆకలిని చంపుతుంది కానీ భయాన్ని చంపదు. అతను వేళ్ల మీద లెక్క పెట్టుకున్నాడు. అలాంటి కొసర్లు ఇరవైమూడు ఇచ్చాడు. ఒకటి పేలింది. మిగిలిన ఇరవైరెండు ఎవరెవరి జేబుల్లోనో, దిళ్ల కిందో, పిల్లలు పడుకునే మంచాల పక్కనో ఉన్నాయి. వాటిని వెనక్కి రప్పించాలి, తన పేరు మాత్రం పోకూడదు. ఆలోచించి దుకాణం ముందు బోర్డు పెట్టాడు: ఊదారంగు బ్యాటరీ తెచ్చి కొత్త బ్యాటరీ పట్టుకెళ్లండి.

నాలుగు వచ్చాయి, అంతే. దారిలో కనబడ్డవాళ్లని ఆపి అడిగితే నవ్వారు. "బాగానే పనిచేస్తోంది సుకీ, నీకెందుకు నష్టం?" అన్నాడొకడు. "కొసరిచ్చిందాన్ని తెచ్చి కొత్తది అడగమంటావా? నాకు సిగ్గు లేదనుకున్నావా?" అందొకావిడ. సిగ్గు లేనిదెవరికో ఆ తల్లికి తెలియదు. వాళ్లకి తనమీద ఉన్న మర్యాదే ఆ బ్యాటరీలకు కాపలా కాస్తోంది.

మూడో వారంలో పేట పెద్ద, కపితానా విసిటాసియోన్, స్వయంగా దుకాణానికి వచ్చింది. "ఆర్సెనియో సంగతి విన్నాక జనం హడలిపోతున్నారు. ఆదివారం మధ్యాహ్నం పేట హాల్లో అందరినీ పోగు చేస్తున్నాను. బ్యాటరీ ఎలా ఎంచుకోవాలో నువ్వు చెప్పాలి. నువ్వు చెప్తేనే వింటారు," అంది.

ఆవిడ వెళ్లాక ప్యూరిటా లోపల్నుంచి వచ్చింది. ఆవిడ ఆ రేకు డబ్బా చూసింది, ఖాళీ అయిన కింది సొరుగు చూసింది. ఎవరూ చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది.

"ఏం చెప్తావు?" అంది.

"బరువు చూసుకోమనీ, డబ్బాలో పెట్టుకోమనీ..."

"ఊదారంగువాటి సంగతో?"

"చెప్తే రేపట్నుంచి ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడు ప్యూరిటా? మనం తినద్దా?"

"చెప్పకపోతే అవి ఉన్న ఇళ్ల గతేంటి? రాత్రిళ్లు ఫైరింజను మోత వినబడినప్పుడల్లా లేచి కూర్చుంటున్నావు, నాకు తెలీదనుకున్నావా?" ఆవిడ కింది సొరుగు మూసింది. "ఊరికే ఇచ్చేదానికి తొడుగెందుకని నేను గట్టిగా అడిగుంటే బాగుండేది. ఈ సిగ్గులో సగం నాది."

ఆదివారం హాలు నిండిపోయింది. ముందు వరసలో ఆర్సెనియో కూర్చున్నాడు, కుడిచెయ్యి మోచేతిదాకా కట్టు. ఫెలిమోన్‌ని చూసి ఎడంచెయ్యి ఎత్తి, "సుకీ!" అని కేకేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఒక్కొక్కటీ చెంపదెబ్బలా తగిలాయి ఫెలిమోన్‌కి.

అతను మైకు పట్టుకున్నాడు.

"బ్యాటరీ ఎలా ఎంచుకోవాలో చెప్పమన్నారు. చెప్తాను. పైన రాసిన అంకెను నమ్మకండి. తొడుగు మీద ఎవడైనా ఏదైనా అచ్చేసుకోవచ్చు. ఎవరు తయారుచేశారో తెలిసిన బ్యాటరీనే కొనండి. మీ గొట్టం ఎంత లాగుతుందో, బ్యాటరీ అంత ఇవ్వగలదో లేదో అడిగి కొనండి. తొడుగు చిరిగితే వాడకండి. జేబులో ఒట్టిగా వేసుకోకండి. లాప్‌టాప్‌లోంచి పీకిన సెల్‌ని ఎవడు ఎంత ముద్దుగా ఇచ్చినా తీసుకోకండి."

అక్కడ ఆగాడు. కిందికి దిగిపోవచ్చు. చెప్పాల్సిన జాగ్రత్తలన్నీ చెప్పినట్టే. కాని ముందు వరసలో ఆర్సెనియో పక్కవాడి డొక్కలో మోచేత్తో పొడిచి, "చూశావా మా సుకీ!" అంటున్నాడు.

"అలా ముద్దుగా ఇచ్చినవాణ్ణి నేనే," అన్నాడు ఫెలిమోన్. "ఊదారంగువన్నీ లాప్‌టాప్ సెల్సే. తొడుగులు తొడిగింది నేను. మీరు అడిగితే సరిపోతుందని చెప్పింది నేను. అమ్మితే తప్పు, ఇస్తే తప్పు కాదనుకున్నాను. ఆర్సెనియో తాళం మరిచిపోలేదు. వేశాడు. నేను నా కళ్లతో చూశాను. చూసి మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఇంకా పద్దెనిమిది మీ ఇళ్లలో ఉన్నాయి. నన్ను ఏం చెయ్యాలనుకుంటే అది చెయ్యండి, కానీ ముందు ఇంటికెళ్లి వాటిని తెచ్చెయ్యండి. ఇప్పుడే వెళ్లండి."



ఆర్సెనియో మెల్లగా లేచాడు. ముందు భార్య వైపు తిరిగాడు. "విన్నావా? తాళం వేశాను," అన్నాడు. "మూడు వారాలు నన్ను తిట్టావు. నన్ను నేను కూడా తిట్టుకున్నాను." త్రూడిస్ అరచేతులతో ముఖం కప్పుకుంది. అప్పుడు అతను ఫెలిమోన్ వైపు చూశాడు. కోపగించుకోలేదు, అరవలేదు.

"ఇప్పటికైనా చెప్పారు, సర్," అన్నాడు.

అన్నేళ్లలో అతని నోట సుకీ అన్న మాట రాకపోవడం అదే మొదటిసారి. రాళ్లు విసిరినా ఫెలిమోన్ అంత కుంగిపోయేవాడు కాదు.

సాయంత్రంలోగా దుకాణం ముందు పెట్టిన ఇసుక బాల్చీలో పదకొండు బ్యాటరీలు పడ్డాయి. తెచ్చినవాళ్లు ముఖం చూడకుండా వేసి వెళ్లిపోయారు. ఒకావిడ మాత్రం ఆగి, "మావాడు దీన్ని నా మనవరాలి మంచం కిందే ఛార్జింగ్ పెట్టేవాడట," అని చెప్పి వెళ్లింది. ఆ వారంలో ఇంకో ఆరు వచ్చాయి. పేట పెద్దలు పిలిచి విచారించారు, దుకాణం మూయించారు. ఆర్సెనియో చెయ్యి బాగుపడేదాకా అతని జీప్నీ నడపాలన్నారు. ఫెలిమోన్ ఎదురుచెప్పలేదు. ఇప్పుడతను హారో దారిలో బండి నడుపుతున్నాడు. దారిలో కొందరు ఎక్కుతారు, కొందరు అతన్ని చూసి వెనక బండికి ఆగుతారు.

ఇరవైరెండింట్లో ఒకటి ఇంకా దొరకలేదు. ఎవరికి ఇచ్చాడో ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తు రావడం లేదు. అందుకే ఎక్కిన ప్రతివాణ్ణీ, అద్దంలోంచి కళ్లు కలపలేకపోయినా, అడుగుతూనే ఉంటాడు: "అయ్యా, మీ దగ్గరగానీ ఊదారంగు బ్యాటరీ ఉందా?" అడిగినప్పుడల్లా అతని ముఖం కొత్తగా కందిపోతుంది.

మనలో చెయ్యి చాచి కొసరు పుచ్చుకోనివాళ్లు లేరు, చేత్తో కొసరు వెయ్యనివాళ్లూ లేరు. ఇచ్చేటప్పుడు ఒక్కటే చూసుకుందాం: అమ్మడానికి మనసొప్పని వస్తువుని ఊరికే ఇవ్వడానికి కూడా మన మనసు ఒప్పుకోకూడదు.