పద్నాలుగో గడి

"ఖర్చేముందండీ, నీళ్లు మా ఆడవాళ్లే తెస్తారు కదా" అన్నాడు మెట్ల కాలనీ సంఘం ప్రెసిడెంటు, నా బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుంటూ.

మాది నీటి పనులకు ప్రభుత్వ సొమ్ము అప్పుగా ఇచ్చే ఆఫీసు. నలుగురూ కలిసి సంఘం పెట్టుకుని పంటకాలువ బాగు చేసుకుంటామనో, ట్యాంకు కట్టి కుళాయిలు వేసుకుంటామనో దరఖాస్తు పెడతారు. దాన్ని పరిశీలించి మేనేజరుగారికి పంపే గుమాస్తాను నేను. దరఖాస్తులో పద్నాలుగో గడి 'ప్రస్తుతం నీళ్లకు అవుతున్న ఖర్చు'. ఆ ఖర్చు ఎంత తగ్గుతుందో చూసే అప్పు ఇస్తారు. కాలువ దరఖాస్తులు ఇట్టే గట్టెక్కుతాయి, పంపులో పోసే డీజిలుకు రసీదు ఉంటుంది కాబట్టి. మెట్ల కాలనీవాళ్లు మాత్రం ఆ గడిలో గుండ్రంగా సున్నా చుట్టి ఇస్తారు. ఖర్చే లేనప్పుడు తగ్గేదేముందని మేనేజరుగారు ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపారు. మూడోసారి కూడా తిప్పి పంపితే మళ్లీ ఐదేళ్ల దాకా దరఖాస్తు పెట్టడానికి లేదు. ఇది మూడోసారి.

"మళ్లీ సున్నాయేనా?" అన్నాను.

"మరి అబద్ధం రాయమంటారా?" అన్నాడాయన నొచ్చుకుంటూ.

పాపం, ఆయన మోసగాడు కాదు. నిజంగానే ఖర్చు లేదనుకుంటున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే మా ఇల్లు గుర్తొచ్చింది. పొద్దున్నే నేను లేస్తే చాలు, "ఎలాగూ లేచావుగా, కాస్త కాఫీ పెట్టు" అంటారు మా ఆయన. వంటింట్లోకి వెళితే, "ఎలాగూ పొయ్యి దగ్గరే ఉన్నావుగా, నాకు వేడినీళ్లు పెట్టు" అంటుంది అత్తయ్య. ఆఫీసులోనూ అంతే. ఎలాగూ బీరువా పక్కనే కూర్చున్నానని పాత ఫైళ్లన్నీ నా నెత్తినే పడ్డాయి. పదకొండేళ్లుగా నేను చేసిన పనుల్లో సగం ఈ 'ఎలాగూ' ఖాతాలోవే. ఎవరూ నన్ను పని చేయమని అడగలేదు, నేను దారిలో ఉన్నానంతే. నేనూ కిమ్మనకుండా చేసుకుపోయాను. అలా ఊరుకున్నందుకు ఆ రోజు నా మీద నాకే ఒళ్లు మండింది.

దరఖాస్తు ఒప్పుకోవాలంటే ఎవరో ఒకరు చోటు చూసి రావాలి. గుట్ట మీదున్న ఆ కాలనీకి రెండొందల పద్నాలుగు మెట్లు. మేనేజరుగారికి మోకాళ్ల నొప్పులు. "నువ్వెలాగూ ఆ దారినే ఇంటికి వెళతావుగా, చూసి రామ్మా" అన్నారు. ఆ మాట విని సంతోషించడం అదే మొదటిసారి.

కుళాయి మెట్ల కింద ఉంది. సాయంత్రం నాలుగింటికి నీళ్లొదులుతారు. నేను వెళ్లేసరికి బిందెల వరస వీధి మలుపు దాటింది. "రోజుకి ఎంతసేపు పడుతుందమ్మా?" అని అడిగాను. ఒకామె నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు చూశారు? ఎలాగూ తెచ్చుకోవాల్సిందేగా" అంది.

"మూడుంపావు గంటలు" అంది వరస చివర నుంచి ఒక ముసలమ్మ. అందరూ వెనక్కి తిరిగారు. "పొద్దున గంటన్నర, సాయంత్రం తక్కినది. కాపురానికొచ్చిన కొత్తలోనే లెక్కేసి పెట్టుకున్నా, ఎవరైనా అడుగుతారేమోనని. ఇన్నాళ్లకి నువ్వడిగావు."

ఆమె వంతు వచ్చి బిందె నిండగానే, అది నేనే ఎత్తుకుని మెట్లెక్కడం మొదలుపెట్టాను. యాభయ్యో మెట్టు దగ్గర నడుం పట్టేసింది, నూరో మెట్టు దగ్గర చీర తడిసి ముద్దయింది. వెనకాల రెండేసి బిందెలతో వస్తున్నవాళ్లు పడీపడీ నవ్వారు. "సగం నీళ్లు మెట్లే తాగేశాయమ్మా" అంది ఒక పిల్లతల్లి. నేనూ నవ్వాను. అంత గట్టిగా నవ్వి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేదు. పైకెక్కాక ఇల్లిల్లూ తిరిగి గంటలు రాసుకున్నాను. ఒక్కసారి అడిగాక ఒక్కరూ ఆగలేదు, నిమిషాలతో సహా చెప్పారు.

మర్నాడు ఆఫీసుకెళ్లి నిబంధనల పుస్తకం తీశాను. పదకొండేళ్లుగా నా సొరుగులోనే ఉంది, ఒక్కసారైనా మొత్తం చదవలేదు. ఆ తప్పు నాది. పన్నెండో పేజీలో ఉంది: 'నీరు మోసుకొచ్చే శ్రమను స్థానిక దినకూలీ ప్రకారం ఖర్చుగా లెక్కకట్టాలి.' మూడుసార్లు చదువుకున్నాను. పద్నాలుగో గడి పక్కన, పరిశీలనలో తేలిన ఖర్చు రాసేచోట, అరవై మూడిళ్ల గంటలకూ కూలీ కట్టి రాసి సంతకం పెట్టాను.

"ఇంటిపనికి కూలేంటమ్మా?" అన్నారు మేనేజరుగారు. పుస్తకం ఆయన ముందు పెట్టాను. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఇదెప్పుడు పెట్టారు?"

"మొదటినుంచీ ఉందండీ."

ఆయన తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి. అలాంటిది ఆ రోజు నాలుగో కాలు కూడా లెక్కపెట్టుకుని ఫైలు పైకి పంపారు. నెల తిరక్కుండా అప్పు మంజూరైంది. మేనేజరుగారే నా బల్ల దగ్గరికి వచ్చి, ఇకమీదట చోటు చూసే పనులన్నీ నువ్వే చూడాలి, దానికి వేరే భత్యం కూడా ఉంటుంది, ఇంట్లో అడిగి చెప్పు అన్నారు.

"అడిగేదేం లేదండీ. ఇంట్లో చెబుతాను" అన్నాను.

చెప్పాను కూడా. "మరి సాయంత్రం వంట?" అన్నారు మా ఆయన బిక్కమొహం వేసుకుని.

"మీరెలాగూ ఆరింటికే వస్తారుగా" అన్నాను.

అత్తయ్య ఫక్కున నవ్వింది. ఆమె మా ఆయన్ని చూసి నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

సంతకాల రోజు ప్రెసిడెంటు ఇస్త్రీ చొక్కా, కొత్త పెన్నుతో వచ్చాడు. నేను అదే పన్నెండో పేజీలో తర్వాతి వాక్యం చూపించాను. అలా శ్రమకు లెక్కకట్టిన చోట, ఆ శ్రమ చేస్తున్నవారే సంఘం తరఫున సంతకం చేయాలి.

"మీరు నీళ్లు మోస్తారాండీ?" అని అడిగాను.

"నేనా?" అన్నాడాయన. కాసేపు పెన్ను కేసి చూసుకుని, మెట్ల కాలనీకి కబురు పంపాడు.

గంటలో పదకొండుమంది వచ్చారు. ముసలమ్మ అందరికంటే ముందుంది. ప్రెసిడెంటుగారి భార్య దరఖాస్తుతో పాటు ఆయన ఇచ్చిన పైపుల పటం నా బల్ల మీద పరిచి, ఈ చుక్కలేమిటని అడిగింది. కుళాయిలన్నాను. అన్నీ మా ఇంటి పక్కనే ఎందుకున్నాయంది. అందరూ తలలు దగ్గరపెట్టి, వాదులాడుకుని, ఇంటింటి గుమ్మం దాకా పైపు రావాలని తేల్చారు. అప్పుడు నేను అప్పు పత్రం ముందుగా ప్రెసిడెంటుగారి భార్య ముందు పెట్టాను. ఆయన వెనకనుంచి వంగి, ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపించబోయాడు.

ఆమె తల ఎత్తలేదు. "కాస్త పక్కకి జరగండి, కాగితం మీద మీ నీడ పడుతోంది" అంది.

ఆయన జరిగాడు.