నాలుగో పేజీ

“ఆ పేరా తీసేశావంటే ఇక నేనీ వ్యాసం ముట్టుకోను,” అన్నాడు భర్త, పొద్దుటినుంచి ముచ్చటగా మూడోసారి.

“ముట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను,” అంది పంతులమ్మ.

పంతులమ్మ అన్నది ఇంట్లో వాళ్ళు పెట్టుకున్న పిలుపు. ప్రైమరీ స్కూల్లో ఆమెది ఇంకా తాత్కాలిక ఉద్యోగమే. డిప్లొమా చేతికొస్తే పర్మనెంటవుతుంది. డిప్లొమాకి మిగిలింది ఈ ఒక్క వ్యాసం. గైడు మేడమ్ రెండుసార్లు తిప్పి పంపింది. సోమవారంలోగా సరిచేసి ఇవ్వకపోతే మళ్ళీ వచ్చే ఏడే.

గొడవంతా మొదటి పేరా గురించి. ‘విద్య అనేది మానవ వికాసమనే మహాసౌధానికి తొలి సోపానం’ అని మొదలయ్యే ఆ పేరా భర్త రాసిపెట్టింది. ఆయన నీటి సరఫరా ఆఫీసులో హెడ్ గుమస్తా. రేపు కుళాయి రాదని చెప్పడానికి అరపేజీ రాయగల మనిషి.

“వాడు రాసింది వినసొంపుగా ఉందమ్మాయ్,” అంది అత్తగారు బీన్స్ తుంచుతూ. “అర్థం కాకపోతేనేం?”

“చూశావా, అమ్మకి కూడా నచ్చింది!”

“నానమ్మకి రేడియోలో వాతావరణం వార్తలూ నచ్చుతాయి నాన్నా,” అంది కూతురు, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా. కాలేజీ పిల్ల, టైపింగ్ పనంతా ఆమెదే. “అమ్మా, ఇక్కడ ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘ఇదే ఫైనల్’, ‘నాన్న ఫైనల్’ అని నాలుగు ఫైళ్ళున్నాయి. అన్నిట్లోనూ మారింది మొదటి పేజీ ఒక్కటే. నాలుగో పేజీ ఎవరూ ముట్టుకోలేదు.”

పంతులమ్మకి ఒళ్ళు మండింది. “అది లెక్కల టేబులే కదే! చివర్లో చూసుకుందాం అన్నానా లేదా?”

“గైడు మేడమ్ రెండుసార్లూ అక్కడే రాసిందిగా. ‘ఇది మీరు చెప్పినదానికి ఎదురుగా ఉంది, చూసుకోండి’ అని.”

చూసుకోకపోవడమేమిటి! కంట్లో నలకలా ఆ పేజీయే కదా ఇన్నాళ్ళూ గుచ్చుకుంటోంది. పంతులమ్మ కాగితాలు లాక్కుని వంటింటి గట్టు దగ్గరికి వెళ్ళింది. మిక్సీని పక్కకి జరిపి, నాలుగో పేజీ పరుచుకుంది.

జవాబు చెప్పిన పిల్లల్ని వెంటనే మెచ్చుకుంటే క్లాసంతా ధైర్యంగా మాట్లాడుతుందని ఆమె వాదన. మూడు పేజీల నిండా అదే. తీరా తను క్లాసులో కూర్చుని రాసుకున్న లెక్కలు మరోలా ఉన్నాయి. ‘వెరీ గుడ్’ అన్న రోజుల్లో ఎప్పుడూ మాట్లాడే నలుగురే మాట్లాడారు. జలుబుతో తన గొంతు పోయి, ఊఁ కొట్టి ఊరుకున్న వారంలో వెనక బెంచీలు నోరు విప్పాయి. రెండు జడల పిల్ల, ఏడాదంతా పెదవి విప్పనిది, సాయంత్రం నీడ ఎందుకు సాగుతుందని అడిగింది ఆ వారంలోనే.

పెన్ను తీసి ‘కొన్ని మినహాయింపులు ఉన్నప్పటికీ’ అని రాసింది. కొట్టేసింది. సగం క్లాసు మినహాయింపెలా అవుతుంది? ‘అయితే దీనికి ఇతర కారణాలుండవచ్చు’ అని రాసింది. ఏం కారణాలు? గొంతు పోవడం తప్ప మరేం జరగలేదు. అదీ కొట్టేసింది. టేబుల్లోంచి ఆ వారాన్ని ఎత్తేస్తే? ఎవరడగొచ్చారు? ఆ వరస మీద పెన్ను ఆనించింది కూడా. రెండు జడల పిల్ల లేచి నిలబడ్డప్పుడు బెంచీ అంచు ఎంత గట్టిగా పట్టుకుందో గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

“ఏడుస్తున్నావా?” గుమ్మంలోంచి భర్త.

“లేదు. చిరాకు.”

“పోనీ ఆ మహాసౌధం తీసేయ్. నేనేమీ అనుకోను.”

“మీ పేరా కాదండీ సమస్య. రాసిందంతా తప్పు. మేడమ్ మొదటిసారి తిప్పి పంపినప్పుడే నాకు తెలుసు. మొదటి పేజీ చదివి వినిపిస్తే మీరంతా బావుంది బావుంది అన్నారు. ఇక ఆ పేజీనే తోముతూ కూర్చున్నా.”

“అంటే తప్పు మాదా?”

“అబ్బ! నాదేనండీ, నాదే.”

ఆయన ముందుగదిలోకి వెళ్ళిపోయాడు. కాసేపటికి పంతులమ్మ ఫోను తీసుకుని పెరటివైపు వెళ్ళింది. గైడు మేడమ్‌తో మాట్లాడి వచ్చేసరికి ముగ్గురూ భోజనాలకి కూర్చుని ఉన్నారు. తనూ కంచం పెట్టుకుని కూర్చుంది.

“సోమవారం వ్యాసం ఇవ్వట్లేదు,” అంది గొంతు పెంచకుండా. “మేడమ్‌కి చెప్పేశాను. నాలుగో పేజీతో మొదలుపెట్టి మొత్తం మళ్ళీ రాస్తాను. వచ్చే ఏడు ఇస్తాను.”

కూతురు కంచం పక్కనున్న లాప్‌టాప్ మూసింది. అత్తగారు కొడుకు వైపు చూసింది.

“మరి పర్మనెంటు?” అన్నాడు భర్త.

“అదీ వచ్చే ఏడేనండీ,” అంది పంతులమ్మ, కూర గిన్నె ఆయన వైపు జరుపుతూ.