బిళ్ళ ముట్టకుండా దిగినవాడు

గురువమ్మకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: మొగుడు గనిలో ఉండగా, లోపల ఎవరూ లేరని పైనవాళ్ళు అనుకోవడం.

గనులు సర్కారు చేతికొచ్చి ఏళ్ళు గడిచినా సమ్మెలు ఆగలేదు. ఈ సమ్మెకు అది పదకొండో రోజు. గనిలో దిగే ప్రతివాడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను బోర్డు మీదినుంచి తీసుకుని దిగాలి, పైకొచ్చాక మళ్ళీ తగిలించాలి. సమ్మెలో బిళ్ళ ముట్టినవాడు ద్రోహి అని యూనియన్ తేల్చి చెప్పింది. కానీ పంపులు ఆగిపోతే గని నీళ్ళతో నిండిపోతుంది. అందుకని యూనియన్ పెద్ద గుండప్పే పొద్దున గురువమ్మ గుమ్మంలోకి వచ్చి ఆమె మొగుడు ముత్యాలప్పను పిలిచాడు.

"పంపులు ఒక పూట తిప్పేసి వచ్చేయప్పా. బిళ్ళ మాత్రం ముట్టొద్దు. రేపు ఎవురూ మనల్ని వేలెత్తి చూపించకూడదు."

మధ్యాహ్నం రెండింటికి అలమరలో గిన్నెలు గలగలమన్నాయి. నిద్రపోతున్న బిడ్డ ఉలిక్కిపడి లేచింది. కింద గనిలో బండ పేలిందని ఆ కూలీల ఇళ్ళ లైన్లలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. గురువమ్మ బిడ్డను చంకనేసుకుని గనిలోకి దిగే షాఫ్టు దగ్గరికి పరుగెత్తింది.

అక్కడి ఆఫీసు గుమాస్తా బదరీనాథ్ బిళ్ళల బోర్డు చూపించాడు. "చూడమ్మా, అన్ని బిళ్ళలూ ఉండాయి. లోపల ఒక్క నరపురుగు లేదు. మీవాడు యాడన్నా పేకాటలో ఉంటాడు, పో."

"లేదు సామీ, దిగినాడు. బిళ్ళ ముట్టకుండా దిగినాడు."

"అట్లా దిగిపోయేదానికి అదేమన్నా వాళ్ళ అత్తగారిల్లా?"

పొద్దున మనుషుల్ని దించే కేజిలో ముత్యాలప్పను కిందికి పంపినతను డ్యూటీ దిగి, మారికుప్పం స్టేషన్లో రైలెక్కి వెళ్ళిపోయాడట. ఇంగ తెలిసినవాడు గుండప్ప ఒక్కడే. అతను యూనియన్ పందిరిలో నలభై మంది మధ్య కూర్చుని ఉన్నాడు.

"అన్నా, నువ్వే కదా పంపినావు. ఆఫీసుకొచ్చి ఆ మాట చెప్పన్నా."

పందిట్లో అందరూ ఇటు తిరిగారు. ఒక్కడూ దిగలేదని గుండప్ప పదకొండు రోజులుగా వాళ్ళకు చెబుతూ వచ్చాడు. అందరి ముఖాలూ ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"నేనెవురినీ పంపలేదు చెల్లీ. ఇంటికి పో. బిడ్డ ఎండకు వాడిపోతా ఉండాది."

గురువమ్మ ఇంటికి పోలేదు. షాఫ్టు దగ్గరికే తిరిగి వచ్చింది. కేజి తాడు కదలకుండా వేలాడుతోంది. కాళ్ళ కింద నేల మళ్ళీ, ఈసారి మెల్లగా, వణికింది. ఎవరైనా కిందికి దిగి చూడమని వచ్చేపోయేవాళ్ళనందరినీ ఆమె ఆపి అడుగుతోంది. ఇది చదివే మీకు ఆ కేజి నడిపేవాళ్ళెవరైనా తెలిస్తే, కింద పంపు గదిదాకా ఒకసారి దిగమనండి. ముత్యాలప్ప అక్కడ ఉన్నాడేమో, పిలిస్తే పలుకుతున్నాడేమో చూసి రమ్మనండి.