సగం నిండిన పొయ్యి

ఆ ఏడు జనవరి వానలకు మా పెరట్లో పొయ్యి కూలిపోయింది. మా అత్త సాతుర్నీనా కాపురానికి వచ్చిన కొత్తలో కట్టించుకున్న తతకువా అది. ఇటుకలతో గుమ్మటంలా కట్టి పైన ఎర్రమట్టి మెత్తిన పొయ్యి. తెల్లారి తలుపు తీసేసరికి మట్టికుప్ప, దాని మీద కోళ్ళు. అదే పగటిపూట ఎవరైనా దాని ముందు కూర్చుని ఉండగా పడితే ఏమయ్యేదా అని నాకు వారం దాకా ముద్ద దిగలేదు.

పొయ్యిలు కట్టే ముసలాయన వస్తానన్నాడు, రాలేదు. మళ్ళీ కబురు పెడితే మళ్ళీ వస్తానన్నాడు. మా అమ్మాయి సునిల్దా ఆయన కోసం చూడటం మానేసి ఒకరోజు ఆ కుప్ప ముందు చతికిలబడింది. కింది వరసలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఒక్కో ఇటుకే మెల్లగా ఊడదీసి, ఏది దేని మీద ఒరిగి నిలిచిందో చూసి, అదే వరసలో నేల మీద పేర్చుకుంటోంది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అన్నాను.

"చదువుకుంటున్నానమ్మా," అంది తలెత్తకుండా.

తర్వాత ఇసుక కుప్పపోసి, దాని చుట్టూ ఇటుకలు వంపుగా పేర్చి కట్టింది. మట్టిలో తరిగిన గడ్డి, పేడ, చెరకు పాకం కలిపి కాళ్ళతో తొక్కింది. అంతా ఆరాక లోపలి ఇసుక తోడెయ్యాలి. దానికి పొయ్యి నోట్లో తల పెట్టింది.

"తల బయటికి తియ్యవే! మీద పడుతుంది!"

"తల బయట పెడితే చెయ్యి అందదమ్మా."

మా అత్త అరుగు మీద కూర్చుని ఆకులు నానబెట్టిన చల్లటి తెరెరె నీళ్ళు చప్పరిస్తూ నవ్వింది. "ఒసేయ్ బ్లాసిదా, నువ్వు ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచి నీ బుర్రలో ఏదో ఒకటి కూలుతూనే ఉంది. బయట ఏదీ కూలలేదు."

"పొయ్యి కూలింది కదా అత్తయ్యా."

"దాని వయసు నా కాపురమంత. నాకు మాత్రం మోకాళ్ళు కూలలేదా?"

చిన్న చిన్న మంటలు పెట్టి పొయ్యిని ఆరబెట్టింది పిల్ల. అప్పుడే గుమ్మటం మీద వెంట్రుకంత చీలిక కనబడింది నాకు. ఎవరికీ చెప్పలేదు. రోజూ వెళ్ళి దాన్ని చూసి వచ్చేదాన్ని.

పవిత్ర వారంలో బుధవారం నాడు మా ఊళ్ళో ప్రతి ఇంట్లో చిపా కాలుస్తారు. గురువారం, గుడ్ ఫ్రైడే మేము పొయ్యి వెలిగించం. ఆ రెండు రోజులూ ఇంటిల్లిపాదికీ ఆ చీజ్ రొట్టెలే తిండి. దీవెన కోసం వచ్చిన పిల్లలకు చేతిలో పెట్టేది కూడా అదే. బుధవారం పొయ్యి మోసం చేస్తే ఇక ఆ పండక్కి ఇల్లు ఉత్తదే. సునిల్దా మాత్రం ఊరందరికీ చెప్పుకుంది, ఈసారి తను కట్టిన పొయ్యిలోనే అని. అది అందరి ముందూ కూలితే ఈ పిల్ల మొహం ఎలా చూడాలి? మళ్ళీ ఇటుక ముట్టుకుంటుందా?

మంగళవారం ఎపిఫానియా వదిన వచ్చింది. మా పక్క సందులోనే ఇల్లు. సునిల్దాకి జ్ఞానస్నానం చేయించినప్పుడు ఎత్తుకున్న జ్ఞానతల్లి. పొయ్యి చుట్టూ ఒకసారి తిరిగింది.

"ముద్దుగానే ఉంది. మరి వేడి తగిలితే నిలబడుతుందా?" అంది నా చెవిలో. "నా మాట విని సగం పిండి మా ఇంటికి పంపెయ్ వదినా. మా పొయ్యి ముసలిదే కానీ మాట తప్పదు."

ఆ మాట నాలో దిగబడిపోయింది.

బుధవారం పొద్దున్నే మా అత్త పంది కొవ్వును చేత్తో గిలక్కొట్టి నురగలా తెల్లగా చేసింది. నేను గుడ్లు కొట్టి, చీజ్ చిదిమి, సోంపు, ఉప్పు వేసి, కర్రపెండలం పిండి, మొక్కజొన్న పిండి, పాలు కలిపి చెక్కతొట్టిలో మర్దించాను. పెరట్లో సునిల్దా మంట పెట్టింది. అత్త అరటాకులు కోయడానికి వెళ్ళింది. నేను సగం పిండి బేసిన్‌లోకి తీసి, మీద గుడ్డ కప్పి, వెనక సందులోంచి వదిన ఇంట్లో పెట్టి వచ్చేశాను. పొయ్యి కూలినా సగం తిండి మిగులుతుందని కాస్త ఊపిరాడింది.

తిరిగొచ్చేసరికి మంట గర్జిస్తోంది. పొయ్యి లోపలి ఇటుకలు ముందు మసితో నల్లబడ్డాయి. సునిల్దా చెమటలు కక్కుతూ కట్టెలు జరుపుతోంది కానీ కళ్ళు మాత్రం ఇటుకల మీదే. చూస్తూ చూస్తూ ఉండగానే ఆ నలుపంతా కాలిపోయి లోపలి గుమ్మటం తెల్లబడటం మొదలైంది. అంతా తెల్లబడితేనే పొయ్యి కాగినట్టు లెక్క. మా అత్తకు కళ్ళు సరిగా ఆనవు. "తెల్లబడిందా?" అని అడిగింది.

"ఇంకా ఎడమ పక్క కొంచెం ఉంది నానమ్మా. తొందరపడను."

దాని ఓపిక చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. ఇది నా కడుపున ఎలా పుట్టిందో.

తెల్లబడ్డాక నిప్పులన్నీ బయటికి లాగేసింది. పచ్చి జామకొమ్మల చీపురుతో లోపల నేల ఊడ్చింది. రొట్టెలు చేయడానికి తొట్టి దగ్గరికి వచ్చి ఆగిపోయింది.

"మిగతా పిండేదమ్మా?"

"అంతే."

తొట్టి అంచున పిండి ఎంతవరకు ఆరి అంటుకుందో వేలితో తడిమింది. నా వంక చూసింది. "నేను కట్టెలు వేసింది మొత్తం పిండికి లెక్కేసి. సగమే పెడితే ఆ వేడంతా దీని మీదే పడుతుంది. అడుగు మాడుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది. ఎక్కడ పెట్టావు?"

ఆ పొయ్యి కూలుతుందని భయపడ్డాను కానీ, నేనే దాన్ని పాడుచేస్తానని కలలో కూడా అనుకోలేదు.

"మీ జ్ఞానతల్లి ఇంట్లో," అన్నాను. "పోనీ వేడి తగ్గేదాకా ఆగితే?"

"ఒకసారి జారితే ఎక్కడ ఆగుతుందో ఈ కొత్త పొయ్యి సంగతి నాకింకా తెలీదు." పలక తెచ్చి పొయ్యి నోటికి అడ్డం పెట్టింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "వెళ్ళి తీసుకురా. నువ్వొచ్చేదాకా వేడిని నేను పట్టుకుంటాను. పరిగెత్తకు, పడతావు."

నా మాటే నాకు అప్పజెప్పింది.

పరిగెత్తాను. వదిన పొయ్యి ఇంకా నల్లగానే పొగ కక్కుతోంది. నా బేసిన్ పెట్టినచోటే ఉంది.

"ఏంటి వదినా, ఇచ్చింది పట్టుకుపోతున్నావు? కూలిందా?"

"కూలలేదు. నిండలేదు."

"అదేం మాట?"

"వచ్చి చూసుకో," అన్నాను. ఆ ధైర్యం ఎక్కడిదో తెలీదు. వదిన చేతులు తుడుచుకుంటూ నా వెనకే వచ్చింది.

అందరం కూర్చుని గబగబా రొట్టెలు చుట్టాం. వదిన కూడా చెయ్యి వేసింది. సునిల్దా పలక తీసి, వేడి ఎంతుందో చూడటానికి ఒక మొక్కజొన్న పొట్టు లోపలికి విసిరింది. నేను కళ్ళు మూసుకున్నాను.

"చూడమ్మా," అంది.

పొట్టు భగ్గుమనలేదు. అంచుల నుంచి నెమ్మదిగా, వేయించిన జీడిపప్పులా ఎర్రబడింది. సునిల్దా ఇక ఆలస్యం చెయ్యలేదు. అరటాకుల మీద రొట్టెలు పెట్టి, కొయ్య పారతో లోపలి అంచు దాకా ఒక్కటి కూడా తగలకుండా సర్దింది. నేలంతా నిండింది. పలకతో పొయ్యి నోరు మూసింది. వెనక ఉన్న చిన్న కన్నానికి తడిగుడ్డ కుక్కింది.

అప్పుడు చూశాను. చీలిక వెడల్పయింది.

"సునీ!"

"తెలుసమ్మా. వేడికి పొంగింది. చల్లారితే దగ్గరపడుతుంది." కాస్త తడిమట్టి తీసి దాని మీద బొటనవేలితో రాసింది, పిల్లాడి మోకాలికి మందు రాసినట్టు. "నాలుగు వారాల నుంచి నువ్వు రోజూ చూసి వెళ్ళేది దీన్నేగా?"

మా అత్త పకపకా నవ్వింది. వదిన కూడా. నేను పొయ్యికి ఎదురుగా కూర్చుని దాని మీద నుంచి చూపు తిప్పలేదు. ముందు సోంపు వాసన వచ్చింది. దాని వెనకే చీజ్ కరుగుతున్న వాసన. వదిన పొయ్యి దగ్గరికి జరిగి కూర్చుంది.

పలక తీసేసరికి లోపల బంగారు రంగు. మధ్యలోవి, అంచువి, వెనకాలవి, అన్నీ ఒకే రంగు. అడుగు తిప్పి చూస్తే అరటాకు మాత్రమే నల్లబడింది. మా అత్త ఒకటి విరిచి, ఆవిరి పోకముందే నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుంది. "నా పాత పొయ్యి కూడా ఇంత సమంగా కాల్చలేదే," అంది. మా అత్త నోటి నుంచి అంత పెద్ద మాట నేనెన్నడూ వినలేదు.

సునిల్దా వెతికి వెతికి ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. రెక్కలు పరిచి కూర్చున్న కోడిపెట్టలా చేసిన రొట్టె. ముక్కు దగ్గర మాత్రం కొంచెం ఎక్కువ కాలింది.

"ఇది నువ్వే," అంది.

"పిల్లా," అంది వదిన గొంతు సవరించుకుని, "పండగయ్యాక మా ఇంటికొచ్చి ఒకటి కట్టిపెట్టవే. మాది మరీ పొగ."

సునిల్దా నా వంక చూసింది.

"కడుతుంది," అన్నాను కోడి రెక్క కొరుకుతూ. "కానీ వదినా, మీ వెనక గోడ పక్కన వద్దు. వాన నీళ్ళన్నీ అక్కడే దిగుతాయి. ఎక్కడ కట్టాలో నేనొచ్చి చూస్తాను."