పిట్టకొమ్మ టీ

పొద్దుటి నుంచి తిరిగి తిరిగి డెల్ఫీన్‌కు కాళ్లు పీకుతున్నాయి. అక్కచెల్లెళ్లు వెతుకుతున్నది పిట్టకొమ్మ ఆకు. చెట్టన్నదే లేని ఆ గడ్డినేలలో పిట్టలు వాలేది మోకాలెత్తు ఉండే ఆ బూడిదరంగు పొద మీదే. వాళ్ల లకోటా ఆదివాసీ తెగ ఆడవాళ్లు దాని ఆకుతో టీ కాచుకుంటారు. ఒకసారి నాగలి తగిలిన చోట అది మళ్లీ ఓ పట్టాన మొలవదు. చిన్నప్పుడు ఆకు కోసుకున్న గుట్టను, తమ నేల కౌలుకు తీసుకున్నవాడి ఆవులు మట్టి దాకా మేసేశాయి. ఏటి గట్టునేమో మొక్కజొన్న వేశారు.

"ఇంకెక్కడికే? ఇక నన్ను మోసుకుపో" అంది డెల్ఫీన్.

"నిన్ను మొయ్యాలంటే ట్రాక్టరు కావాలక్కా" అంది ఐమొజీన్.

చివరికి శ్మశానం కంచె దగ్గర ఆగారు. ఆ లోపలికి నాగలీ రాలేదు, ఆవూ రాలేదు. నడుమెత్తు గడ్డిలో, సరిగ్గా వాళ్లమ్మ సమాధి చుట్టూ, ఊదా పూలతో పిట్టకొమ్మ గుబురుగా పెరిగి ఉంది.

ఐమొజీన్ చెయ్యి చాచింది. ఆ చేతి మీద డెల్ఫీన్ ఒక్కటి వేసింది.

"సిగ్గులేదూ? పోయినవాళ్లకి మనం పెట్టాలి గానీ, వాళ్ల దగ్గర లాక్కుంటామా?"

"మరి ఈ చలికాలం ఏం తాగుతాం?"

ఫ్లాస్కు అడుగున మిగిలిన నిరుటి ఆకు టీని డెల్ఫీన్ సమాధి మీద పోసి, అక్కడే చతికిలబడింది.

"కొట్లో కాఫీ. ఇక్కడికొచ్చి పడుకున్నాక ఈ టీ తాగుదాంలే. ఎవడికీ కౌలుకివ్వని నేల మనకిదొక్కటేగా."