ఆరింటి నిమిషం

కాలర్లు కుట్టే ఆమె రోజూ పొద్దున్న ఆరింటికి మంచం మీద కూర్చుని ఒక నిమిషం మాట్లాడకుండా ఉంటుంది. కీళ్ళవాతానికని ఆమె కాలర్‌బోన్ కింద, చర్మం లోపల, బిస్కెట్టంత యంత్రం పెట్టారు. దాన్నుంచి సన్నటి తీగ మెడలోని నరానికి చుట్టుకుని ఉంది. మెదడు దగ్గర బయల్దేరి గుండెనీ పొట్టనీ పేగుల్నీ పలకరించి వచ్చే నరం అది. ఆ నిమిషంసేపు యంత్రం నరాన్ని మీటుతుంది. వేళ్ళ కణుపుల్లో వాపు దిగుతుంది. గొంతు మాత్రం పలకదు.

దిగిన వాపు ఎక్కడికో అక్కడికి పోవాలిగా. ఇంట్లో ఏదో ఒక తలుపులోకి పోయేది. తలుపు ఉబ్బి ద్వారబంధానికి పట్టేసేది. నెలకోసారి వడ్రంగి వచ్చి చిత్రిక పట్టి వెళ్ళేవాడు.

"ఈసారి మణికట్టుది కూడా కలిసినట్టుందమ్మాయ్, చెక్క మొరాయిస్తోంది," అనేవాడు పొట్టు ఊడుస్తూ.

"వంటింటి తలుపులో ఉన్నది మోకాలు బాబాయ్. చూసి పట్టు."

ఆపరేషన్ చేసిన డాక్టరు ఒక అయస్కాంతం కూడా ఇచ్చాడు. ఎప్పుడైనా ఊపిరాడనట్టుంటే యంత్రం మీద ఆనించాలి, మీటడం ఆగుతుంది. తీగ ఆమె మెడలో వేసి, అయస్కాంతం ఆమె మొగుడి చేతిలో పెట్టాడు. అదేమిటని ఎవరూ అడగలేదు. ఇంటిపెద్ద కదా. ఆయన చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఒకరోజు పడకగది తలుపు పట్టేసి ఆయన ఆఫీసుకి మధ్యాహ్నం చేరాడు. పెళ్ళాం బయట గొళ్ళెం పెట్టిందా అని అందరూ నవ్వారట. మర్నాడు ఆరింటికి అయస్కాంతం తెచ్చి ఆమె ఛాతీకి ఆనించాడు.

"ఏమండీ, నా వేళ్ళు..."

"ఇనుప తలుపులు పెట్టిస్తాగా. అందాకా ఓర్చుకో."

"ఎప్పుడు?"

"పొద్దున్నే మొదలెట్టావా!"

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. "వాడు నీకేమన్నా విషం పెడుతున్నాడా? అయస్కాంతమేగా."

ఆరు రోజులు అలాగే గడిచాయి. యంత్రం మీటే నిమిషంలో ఆమెకి చేతులొచ్చేవి, గొంతు పోయేది. ఇప్పుడు గొంతుంది, చేతుల్లేవు. ఉన్న గొంతు వినేవాళ్ళూ లేరు. పనిచొక్కా గుండీలు అత్తగారే పెట్టింది, సణుగుతూ.

బట్టల ఫ్యాక్టరీలో కాలరు కుట్టాక తిరగేసి, మొనని వేళ్ళతో బయటికి లాగాలి. ఆమె లాగలేకపోయింది. విజిల్ అని అందరూ పిలిచే సూపర్‌వైజరమ్మ వచ్చి చూసింది.

"ఇవి కాలర్లా, కుక్క చెవులా? రేపు పన్నెండింటిలోగా వంద చెయ్యి. లేదంటే ఈ మిషన్ ఇంకొకరికిస్తా."

"మేడం, నా చేతులు..."

"నీ చేతులు మీ ఇంటి సంగతి."

ఇంటి సంగతే మరి. సాయంత్రం మొగుణ్ణి అడిగింది, రేపొక్కరోజు వదిలెయ్యమని. "చూద్దాం," అన్నాడాయన. ఆయన చూద్దాం అంటే ఏమిటో పన్నెండేళ్ళ కాపురంలో ఆమెకి బాగా తెలుసు.

మర్నాడు ఆరుకి ఐదు నిమిషాలుండగా ఆయన కడుపు పట్టుకుని బాత్రూంలోకి పరిగెత్తాడు, జేబులో అయస్కాంతంతో సహా. ఆమె మంచం మీద కూర్చుని ఎదురుచూసింది. టైముకి వచ్చేస్తాడనే అనుకుంది.

ఆరయింది. మెడలో నరం జివ్వుమంది. ఆరు రోజుల వాపు ఒక్కసారిగా దిగి బాత్రూం తలుపులోకి పోయింది.

"ఏయ్! తలుపు పట్టేసింది! వడ్రంగిని పిలువు!"

అత్తగారు వచ్చి తోసింది. తలుపు కదల్లేదు. "నా మోకాళ్ళతో నేను సందు చివరిదాకా పోగలనా? నువ్వెళ్ళి పిలవవే!"

కోడలు గొంతు మీద వేలు పెట్టి చూపించింది. ఆ నిమిషం ఆమె గొంతు పలకదని ఇంట్లో అందరికీ తెలిసిందే.

నిమిషం అయిపోయింది. ఆమె పలకలేదు. గుండీలు ఒక్కొక్కటీ తనే పెట్టుకుంది. క్యారేజీ సర్దుకుంది. లోపల టక్కుటక్కుమని చప్పుడు. ఆయన అయస్కాంతాన్ని తలుపుకి ఆనించి చూస్తున్నట్టున్నాడు.

సందు చివర వడ్రంగి రంపానికి నూనె రాస్తున్నాడు.

"ఏమ్మాయ్, తలుపులెలా ఉన్నాయి?"

ఆమె ఆగి గొంతు సవరించుకుంది.

"గట్టిగా ఉన్నాయి బాబాయ్. సాయంత్రం నేనొచ్చాక రా. ముందు ఆయన జేబులోది తలుపు కింద సందులోంచి బయటికి రావాలి. ఆ తర్వాతే చిత్రిక."