ఇసావో ఎడమ చెవి

నాకు అన్నిటికంటే పెద్ద భయం మా తమ్ముడు ఇసావోకి చెవుడు వస్తోందేమోనని. మా ముగ్గురి బ్యాండులో వాడు డ్రమ్స్, మిహారా గిటారు, నేను పాట.

మొన్న సెండాయ్‌లో షోకి ముందు రిహార్సల్ చేస్తున్నాం. సౌండు చూసే ఆవిడ ఎప్పటిలాగే ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చింది. "డ్రమ్స్ బాబూ, నీ ఎడమ పక్క స్పీకర్లో అక్క గొంతు సరిపోయిందా?"

"బ్రహ్మాండంగా ఉందండీ!"

ఆవిడ నాలుక కరుచుకుంది. "అయ్యో, దాన్నింకా ఆన్ చెయ్యనేలేదు!"

మిహారా పగలబడి నవ్వాడు. "వీడికి వాళ్ళక్క వినపడకపోతేనే బ్రహ్మాండం!"

నాకు నవ్వు రాలేదు. వినపడకపోవడం వాడికి అలవాటైపోయిందా?

బయటికొచ్చాక అడిగాను. "మర్యాదకి అన్నానే అక్కా. మన వెనక ఇంకో బ్యాండు కాచుకుని ఉంటే ఆవిణ్ణి విసిగిస్తామా? మీ పాప తుమ్మినా నీకు కంగారే," అని కసిరాడు. నిజమే, ఇక్కడ జపాన్‌లో అందరం అలాగే బాగుందనేస్తాం. అందుకే నాకు తేలడం లేదు. డాక్టరు దగ్గరికి రమ్మంటే రాడు.

ఆదివారం వాళ్ళిద్దరే నీగాటాలో వాయిస్తున్నారు. పాపకి జ్వరం, నేను వెళ్ళలేను. మీరు ఆ ఊళ్ళో ఉంటే, షో అయ్యాక వాడి ఎడమ పక్కన నిలబడి మెల్లగా పేరు పెట్టి పిలవండి. తిరిగి చూశాడో లేదో నాకు రాయండి.